ఇత్తడి కుళాయి

ప్లాస్టిక్ తగ్గించాలట! ఈ ముక్క చెప్పడానికి మా అమ్మాయి పనిచేసే బడివాళ్ళు హిజ్లీ నుంచి ఒక పెద్దమనిషిని పిలిపించారు. ఆయనకు ప్లాస్టిక్ కాగితం చుట్టిన పూలగుత్తి ఇచ్చి, ప్లాస్టిక్ సీసాతో నీళ్ళు తాగించి, గంటసేపు మాట్లాడించారు. నేను వెనక వరసలో కూర్చుని అంతా చూశాను. నవ్వాపుకోలేక బయటికొచ్చి బీడీ వెలిగించుకున్నాను.

నా పేరు నూకరాజు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఆరేళ్ళు ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను. నా చేతిమీదుగా వెళ్ళిన పని మళ్ళీ రిపేరుకు తిరిగి రాలేదు. ఈ మాట నేనే చెప్పుకుంటాను, నిజమే. కాని ఇన్నేళ్ళలో కాదన్నవాడు ఒక్కడూ లేడు.

మా అమ్మాయి ప్రశాంతి ఆ బడి బస్సు డ్రైవరు. మా పేట నింపురాలో పిల్లల్ని ఎక్కించుకుని ప్రేమ్ బజార్ మీదుగా బడికి తీసుకెళ్తుంది. ఆ బడిలో ఆడమనిషి స్టీరింగు పట్టడం అదే మొదలు. బస్సుల వ్యవహారం చూసే విల్‌ఫ్రెడ్ మొదటిరోజే మొహం మీద చెప్పేశాడు: "ఆర్నెల్లు సూస్తాం. బండి దారిలో ఒక్కసారి ఆగినా వేరేవోణ్ణి పెట్టుకుంటాం." మగ డ్రైవరు తాగొచ్చి బడి గేటు గుద్దేసినప్పుడు ఈ ఆర్నెల్ల షరతు ఎక్కడ నిద్రపోయిందో వాణ్ణే అడగాలి. అమ్మాయి మాత్రం ఏప్రిల్ నుంచి ఒక్క నిమిషం ఆలస్యం లేకుండా నడుపుతోంది. ఆ బండి తప్ప దానికి వేరే ధ్యాస లేదు. సాయంత్రం మా ఇంటి ముందు ఆపి, అద్దాలు తుడిచి గాని అన్నానికి రాదు.

ఇప్పటి డీజిల్ బళ్ళకు రెండు టాంకులు. ఒకదాంట్లో డీజిలు, రెండోదాంట్లో యూరియా నీళ్ళు. డెఫ్ అంటారు. పొగలోని విషాన్ని విరిచేస్తుందట. నెలకో బకెట్టు పడుతుంది. బకెట్టంటే మామూలుదా, మూత తియ్యడానికి గోళ్ళు ఊడాలి. ఖాళీ అయినవాటిల్లో ఒకదాంట్లో మా ఆవిడ సింహాచలమ్మ బియ్యం పోసింది, ఒకదాంట్లో బొగ్గులు పోసింది, ఇంకోదాంట్లో కరివేపాకు మొక్క నాటింది. ఇకనుంచి ఆ బకెట్లు కొనకూడదని, డబ్బా పట్టుకెళ్ళి నింపించుకోవాలని బడివాళ్ళ కొత్త హుకుం.

నింపేది ఎవరో కాదు, మా చెల్లెలి కొడుకు చక్రధర్. గోల్‌బజార్‌లో మోటారు సామాన్ల కొట్టు వాడిది. ఒక నీలం ప్లాస్టిక్ డ్రమ్ము పెట్టి, దానికి ప్లాస్టిక్ గొట్టం తగిలించి, వచ్చినవాళ్ళ ప్లాస్టిక్ డబ్బాల్లో పోస్తున్నాడు. పైన బోర్డు: ప్లాస్టిక్ తగ్గిద్దాం!

"ఏట్రా ఇది? ప్లాస్టిక్‌లోంచి ప్లాస్టిక్‌లోకి పోసి ప్లాస్టిక్ తగ్గిస్తన్నావా?" అన్నాను.

"పాత డబ్బానే మళ్ళీ మళ్ళీ వాడితే కొత్తది కొనక్కర్లేదు కద మావయ్యా" అన్నాడు.

దానికి నేను వినిపించిన మాటలు ఇక్కడ రాయను. కొట్లో ఉన్న ఇద్దరు బెంగాలీ డ్రైవర్లు, తెలుగు రాకపోయినా, తలలు దించుకున్నారు.

ఇంటికొచ్చి పని మొదలెట్టాను. మంచి జీఐ రేకు తెచ్చి, కత్తిరించి, వంచి, అతుకులేసి అరవై లీటర్ల టాంకు తయారుచేశాను. కుళాయి బజార్లో కొంటే నా పరువేం కావాలి? తెలిసినవాడి లేతు మిషను మీద ఇత్తడి కడ్డీ పెట్టి నేనే తీశాను. రథయాత్ర నాటికి టాంకు మా అరుగు మీద కూర్చుంది. చుక్క కారలేదు. ఎంత ముద్దుగా ఉందో! ప్లాస్టిక్కంటూ ఒక్క ముక్క లేదు. హిజ్లీ పెద్దమనిషిని పిలిచి చూపించాలనిపించింది.

దాన్ని రిక్షా బండి మీద చక్రధర్ కొట్టుకు తీసుకెళ్ళి నింపమన్నాను. వాడు గొట్టం పక్కన పెట్టి చేతులు కట్టుకున్నాడు.

"మావయ్యా, ఈ నీళ్ళకి ఇనపరేకు, ఇత్తడి, రాగి పడవు. అవి కరిగి కలిసిపోతే బండి పొగ గొట్టంలో ఉన్న జాలీ పాడైపోద్ది. పాత డెఫ్ డబ్బాయే తే, నింపుతాను."

"ఒరే, నువ్వు నిక్కరేసుకోకముందు నుంచీ నేను కుళాయిలు బిగిస్తన్నాను. పొలంలో సల్లీ యూరియా ఇత్తడిని తినేస్తాదా? ఎవడ్రా నీకు సెప్పినాడు, ఆ బకెట్లు అమ్మీవోడా?"

"కంపెనీ కాగితంలో రాసుంది."

"కంపెనీ కాగితం! కందకు లేని దురద కత్తిపీటకెందుకురా? బండి నా కూతురిది, టాంకు నాది. పొయ్యి."

మేనమామను కదా, ఎదురు చెప్పలేకపోయాడు. పోశాడు.

ఇంటి దగ్గర ప్రశాంతి కూడా నసిగింది. "చక్రి వొద్దంటన్నాడట కద నాన?"

"చక్రిగాడి మాట మీద నమ్మకమా, మీ నాన సేతి మీద నమ్మకమా?"

అది నవ్వి ఊరుకుంది. చిన్నప్పటినుంచీ దాని సైకిలు, కుట్టుమిషను, ఇస్త్రీపెట్టె అన్నీ నేనే బాగుచేశాను. నా చేతి మీద దానికి నమ్మకమే.

నెల తిరిగాక సింహాచలమ్మ కుళాయి కింద గ్లాసు పెట్టి చూసింది. "నీళ్ళు తెల్లగుండాలి కద, ఇయ్యేటి లేత నీలంగున్నాయి?"

"కంపెనీ రంగు."

"నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు" అని గ్లాసు కడుక్కుని లోపలికి పోయింది.

సెప్టెంబరులో విశ్వకర్మ పూజ నాడు బస్సుకూ టాంకుకూ బంతిపూల దండలు వేశాం. వర్క్‌షాపు పాత మిత్రులు వచ్చి అతుకులు తడిమి చూసి, నూకరాజు చెయ్యి ఇంకా వణకలేదన్నారు. నేను లడ్డూలు పంచాను. మూడో రోజు పొద్దున బస్సులో పసుపుపచ్చ దీపం వెలిగింది.

"డెఫ్ బాగోలేదని సూపిస్తంది నాన. షోరూముకి తీసుకెళ్తాను" అంది ప్రశాంతి.

"నేనుండగా షోరూమా? ఆ దీపం బకెట్లు అమ్ముకోడానికెట్టినారే! బకెట్టు కొనడం మానేసినావని బండిసేత ఏడిపిస్తన్నారు. అది సూసి భయపడితే ఆళ్ళ పంట పండినట్టే."

"ఇంక పది రోజులే నాన. దసరా సెలవులిచ్చేలోగా ఆర్నెల్లు నిండిపోతాయి. ఇప్పుడు బండి ఆగిందంటే..."

"ఆగదు. నేను సెప్తన్నాను కద."

అది నా మొహంలోకి చూసి తాళం తీసుకుని వెళ్ళిపోయింది.

బండి నాలుగో రోజు ఆగింది. ఊరికే ఆగలేదు, ముందు నడకంత నెమ్మదికి వచ్చి, వెనక వాళ్ళందరి చేతా హారన్లు కొట్టించి, సరిగ్గా ప్రేమ్ బజార్ నడిమధ్యలో ప్రాణం విడిచింది. మళ్ళీ ఎంత తిప్పినా స్టార్టు కాలేదు. ఫోను రాగానే పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి ప్రశాంతి పిల్లలందరినీ లెక్కపెట్టి బాటరీ రిక్షాల్లో, అదే టోటోల్లో, ఎక్కించి బడికి పంపించేసింది. ఒక్క పిల్ల కూడా ఏడవలేదట. ఆ సంగతి చూడడానికి విల్‌ఫ్రెడ్‌కు కళ్ళు లేవు. స్కూటరు దిగకుండానే మొహం గంటు పెట్టుకుని ఉన్నాడు.

చక్రధర్ అప్పటికే వచ్చి బండి కింద దూరి ఫిల్టరు ఊడదీశాడు. దాని మీద సున్నంలాగా తెల్లగా పేరుకుపోయింది. బండి టాంకులోంచి గ్లాసుడు నీళ్ళు పట్టి ఎండకేసి చూపించాడు. లేత నీలం.

"ఇత్తడి దిగింది. రేకూ దిగింది. డెఫ్ ఇలా ఉండదు. ఎవరో..." అంటూ నావైపు తిరిగాడు.

"నేనే పోసినాను" అంది ప్రశాంతి.

చక్రధర్ నోరు తెరిచాడు. అది వాడివైపు ఒక్క చూపు చూసింది. వాడు నోరు మూసుకున్నాడు.

"నాన ఆ టాంకు మామూలు నీళ్ళకి సేసినాడు. నాకు తెలీక అందులో ఇయ్యి పోసినాను" అంది విల్‌ఫ్రెడ్‌తో.

విల్‌ఫ్రెడ్ నావైపు తిరిగాడు. వాడి నాన్న లూకా వర్క్‌షాపులో నా పక్క బల్ల మీద పనిచేసేవాడు. "సూసినావా మావా? ఆడోళ్ళకి బండిచ్చినామంటే ఇంతే. ఇంట్లో నీలాంటి పనిమంతుణ్ణెట్టుకుని ఒక్క మాట అడగలేదు సూడు!"

నేను తల ఊపాను.

అవునండీ, ఊపాను. ఊళ్ళో ఎవడు తప్పు చేసినా ఉతికి ఆరేసే నోరు, ఆ పూట నాలుగు అక్షరాలు పలకలేకపోయింది. ప్రశాంతి తాళాలు తీసి విల్‌ఫ్రెడ్ చేతిలో పెట్టింది. సీటు మీదున్న తన తువ్వాలు మడిచి సంచిలో పెట్టుకుంది. టోటో ఎక్కి నాకు పక్కన చోటిచ్చింది. దారంతా ఏమీ అనలేదు.

సింహాచలమ్మ అంది. కంచం నా ముందు పడేసి అంది. "ఊరందరి మీదా తిరుగుద్ది గదా నీ నోరు! సొంత కూతురి కాడకొచ్చీసరికి సచ్చిపోయిందేటి? థూ!" ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆవిడ నన్ను థూ అనడం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున్నే బడికి వెళ్ళాను. విల్‌ఫ్రెడ్ బల్ల ముందు మీసాల కుర్రాడెవడో కాగితం మీద సంతకం పెడుతున్నాడు.

"విల్‌ఫ్రెడ్, ఆ తప్పు నాది. టాంకు యూరియా నీళ్ళకే సేసినాను. నేనే పోయించినాను. దీపమెలిగితే షోరూముకెళ్ళొద్దన్నాను. పిల్లకేటీ తెలీదు. దాని బండి దానికిచ్చీ" అన్నాను. ఇంత పొడుగు క్షమాపణ నా జన్మలో చెప్పలేదు.

విల్‌ఫ్రెడ్ కళ్ళు తడిచేసుకున్నాడు, వెధవ.

"మావా, కూతురి కోసం ఇంత నింద మీదేసుకుంటావా! తండ్రంటే నువ్వు."

"నింద కాదురా. నిజం. చక్రధర్‌ని అడుగు."

"నీ మేనల్లుడే కద. నువ్వేటి సెప్పమంటే అది సెప్తాడు." నా భుజం తట్టాడు. "ఇత్తడికీ ఆ నీళ్ళకీ పడదని నిన్నగాక మొన్నొచ్చిన చక్రికి తెలుసు, ముప్పై ఆరేళ్ళ ఫిట్టరుకి తెలీదంటే ఎవడు నమ్ముతాడు? నూకరాజు సేయి తప్పు పోదని మా నాన పోయీవరకూ సెప్పీవోడు. కూసో, టీ తాగు."

"తప్పు పోయింది! నా సేయే!" అని అరిచాను. మీసాల కుర్రాడు పెన్ను ఆపి చూశాడు. విల్‌ఫ్రెడ్ వాడికేసి, "సూడు, ఇలాంటి పెద్దోళ్ళు ఇంక పుట్టరు" అన్నాడు. వాడు లేచి నా కాళ్ళకు దండం పెట్టాడు. మా అమ్మాయి బండి తీసుకుపోతున్నవాడు!

టీ వచ్చింది. తాగాను. ఏం చేయను?

ఇంటికొచ్చేసరికి ప్రశాంతి అరుగు మీద కూర్చుని ఉంది. రోజూ ఆ వేళకి బడి దగ్గర బండి తుడుస్తూ ఉండేది.

"విల్‌ఫ్రెడ్‌తో సెప్పేసినాను. నేనే పోయించినానని. ఆడు నమ్మలేదే" అన్నాను.

అది ఎదురుగా ఖాళీగా ఉన్న బస్సు చోటుకేసి చూసింది.

"నిన్న అక్కడ సెప్పుంటే నమ్మీవోడు నాన" అంది.