చాయ్ మరిగేంత సేపు

రాణిగంజ్‌లో బస్సు దిగేసరికి హరికిషన్ చొక్కా జేబు అడుగున నల్లటి మరక పడింది. జేబులో స్పార్క్ ప్లగ్గు ఉంది. కాగితంలో చుట్టి పెట్టుకున్నాడు గాని, నేరేడ్‌మెట్‌లో బస్సెక్కిన దగ్గరనుంచి దాన్ని విప్పి చూడటం, మళ్లీ చుట్టడం, అదే పనిగా సాగింది. ఎన్నిసార్లు చూసినా అది నల్లగానే ఉంది.

పాత మోటారు సైకిళ్ల సామాను అమ్మే దేవానందం అతన్ని దూరం నుంచే గుర్తుపట్టాడు.

"మళ్లొచ్చిండ్రా సార్? కూసోండ్రి. ఈ మధ్యన మీ పేరు మీద ఒక కుర్చీ పక్కకు పెడుతున్న."

హరికిషన్ కూర్చోలేదు. గల్లాపెట్టె మీద కాగితం విప్పాడు. "ఇది సుత నల్లగైంది."

దేవానందం ప్లగ్గును వెలుతురుకు పెట్టి, డాక్టరు నాలుక చూసినట్టు చూశాడు. గోటితో గీకితే మసి పొడిపొడిగా రాలింది.

పాత బుల్లెట్ ఇంజనుకు నీళ్లుండవు. దాన్ని గాలే చల్లార్చాలి. అందుకే ప్లగ్గు విషయంలో దానికి పట్టింపు ఎక్కువ. వేడి ప్లగ్గు తన వేడిని పట్టి ఉంచుకుని, మీద పడ్డ మసిని తానే కాల్చేసుకుంటుంది. ఊళ్లో మెల్లగా తిరిగే బండికి అది సరిపోతుంది. చల్లటి ప్లగ్గు వేడిని త్వరగా వదిలేస్తుంది. హైవే మీద ఉరికే బండికి అది కావాలి. తీసి చూస్తే కొస చాయ్ రంగులో ఉండాలి. తెల్లబారితే వేడి ఎక్కువైనట్టు, నల్లబడితే తక్కువైనట్టు. ఇన్నాళ్లు తిరిగి హరికిషన్ ఇదంతా నేర్చుకున్నాడు. ఒక కంపెనీ ప్లగ్గు మీద అంకె పెరిగితే వేడి, ఇంకో కంపెనీ ప్లగ్గు మీద అంకె పెరిగితే చల్లన అని తెలిసినప్పుడు మాత్రం, ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పే మనిషికి అది అన్యాయంగా తోచింది.

"మొదలు ఇచ్చింది మీ బండికి కరెక్టు ప్లగ్గు. తర్వాత దానికన్న వేడిది ఇచ్చిన. అది సుత నల్లగైతుందంటే నాకు సమజైతలేదు," అన్నాడు దేవానందం. "కార్బొరేటర్ సాఫు చేయించినం. పాయింట్లు చూపిచ్చినం. బండి ఎట్ల నడుపుతున్నరు సార్?"

"మెల్లగా. మల్కాజ్‌గిరిలో స్కూలు దాకా. మళ్ల ఇంటికి."

ఈ మాట హరికిషన్ అంతకుముందు కూడా చెప్పాడు. ఇప్పుడూ తడబడకుండా చెప్పగలిగినందుకు తనకే ఇబ్బందిగా అనిపించింది.

"ఐతే ఇగో, ఇది పెట్టుండ్రి. దీనికన్న వేడిది నా దగ్గర లేదు. గని దీన్ని పెట్టుకొని హైవే ఎక్కకుండ్రి. పిస్టన్ కాలిపోతది."

హరికిషన్ తల ఊపి, కొత్త ప్లగ్గును మరక లేని వైపు జేబులో వేసుకున్నాడు.

అతను ఆ బండి మీద స్కూలుకు పోలేదు. ఎక్కడికీ పోలేదు. అసలు అతనికి బుల్లెట్ నడపడం రాదు.

బండి అతని భార్య కల్పలతది. ఆమెకు తండ్రి రాములు ఇచ్చాడు. తిరుమలగిరి మిలిటరీ వర్క్‌షాపులో టర్నరుగా చేసిన రాములు, కొడుకు రాఘవేందర్ ఉండగా బండి తాళం కూతురి చేతిలో పెట్టాడు. కల్పలత ఆ బండి మీదే తిరుమలగిరి పోస్టాఫీసులో ఉద్యోగానికి వెళ్లి వచ్చేది. ఎక్కడికైనా ఇద్దరూ కలిసి పోవలసి వస్తే హరికిషన్ పేపర్ల కట్ట ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చునేవాడు. కాలనీలో ఆ సంగతి మీద చాలా జోకులు ఉండేవి. అతను పట్టించుకోలేదు. వెనక సీటు అతనికి నచ్చింది.

సాయంత్రం ఆమె వచ్చే వేళకు వీధి మలుపు దగ్గర బుల్లెట్ చప్పుడు వినపడేది. అది వినగానే స్టవ్వు వెలిగించి చాయ్ పెట్టడం అతని పని. ఆమె చెప్పులు విడిచి లోపలికి వచ్చేసరికి చాయ్ గ్లాసులో ఉండేది.

శ్రావణంలో కల్పలతకు జ్వరం వచ్చింది. అందరూ మామూలు జ్వరమే అనుకున్నారు.

ఆమె పోయాక అతనికి సాయంత్రాలు తోచకుండా పోయాయి. చాయ్ ఎప్పుడు పెట్టాలో తెలిసేది కాదు. వంటింట్లోకి వెళ్లేవాడు, వాకిట్లోకి వచ్చేవాడు, మళ్లీ వెళ్లేవాడు. ఒకరోజు, ఆమె చేయగా చూసి చూసి నేర్చుకున్నట్టు, కిక్కర్ మీద కాలు పెట్టి బుల్లెట్ స్టార్ట్ చేశాడు. మొదట అది అతని కాలిని వెనక్కి తన్నింది. తర్వాత అందుకుంది. స్టాండు మీదే దాన్ని వదిలి లోపలికి పోయి చాయ్ పెట్టాడు. మరిగాక వచ్చి బండి ఆపాడు. అప్పటినుంచి రోజూ అంతే. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి అందులో ఏముందని అనుకున్నాడు.

కొన్నాళ్లకు బండి దగ్గడం మొదలుపెట్టింది. ప్లగ్గు మారిస్తే నాలుగు రోజులు నడిచేది, చివరికి స్టార్ట్ కావడమే మానేసింది. సరిగ్గా అప్పుడే రాఘవేందర్ వచ్చాడు.

"బావా, ఊకెనే తుప్పు పడుతది. సైనిక్‌పురిలో నా దోస్తు కేఫ్ పెడుతున్నడు. గోడకు తగిలించనీకి పాత బుల్లెట్ కావాలంటున్నడు. మంచిగ రంగేసి, లైట్లు పెట్టి..."

"గోడకా?"

"గోడకే. అక్క బండిని పదిమంది చూస్తరు గద."

"నడిచే బండిని గోడకు ఎందుకు తగిలిస్తరు?"

"నడుస్తలేదు గద బావా." రాఘవేందర్ గొంతు మెత్తబడింది. "బాపు బండి. నాకూ పాణం గుంజుతది. ఆదివారం సాయంత్రం వస్త. నడిచిందనుకో, ఇంక ఎన్నడూ అడగ. లేకుంటే తీస్కపోత."

అందుకే హరికిషన్‌కు కాలు నిలవడం లేదు. బోర్డు మీద లెక్క సగంలో ఆపి కిటికీలోంచి రోడ్డు మీద పోయే బండ్ల చప్పుడు వింటున్నాడు. స్టాఫ్‌రూములో తోటి టీచరు హదస్సా "ఏం సార్, జేబుకు గ్రీజు పూసుకున్నరు?" అని నవ్వితే, జేబు చేత్తో మూసుకుని బయటికి వెళ్లిపోయాడు.

అన్నిటికన్నా వేడి ప్లగ్గు రెండు సాయంత్రాలు బాగానే పనిచేసింది. శనివారం స్కూలు నుంచి వచ్చి ఎంత తొక్కినా బండి పలకలేదు. ప్లగ్గు విప్పాడు. నల్లగా ఉంది.

పైఅంతస్తులో అద్దెకుండే మేబెల్ బట్టలు తీసుకోవడానికి మెట్ల మీదికి వచ్చింది. ఆమె రిటైరైన నర్సు. కాలనీ అంతా సిస్టర్ అనే పిలుస్తారు.

"ఏంది హరి సార్, ఇయ్యాల బెల్లు కొట్టలే?"

"ఏం బెల్లు, సిస్టర్?"

"రోజూ గీ టైముకు బండి షురూ జేస్తరు. చాయ్ మరిగినంక బంద్ జేస్తరు. బట్టలు దీసుకోనీకి నాకు గదే బెల్లు. దుప్పట్లన్నీ పొగ వాసనొస్తున్నయి గని, పోనీయండి అనుకున్న."

హరికిషన్ నేల చూశాడు. ఎవరికీ తెలియదనుకున్నది అంత మామూలుగా ఆమె నోట వచ్చింది.

"ప్లగ్గు సరిగ్గలేదు సిస్టర్. మార్చాలె."

"ఎన్ని మారుస్తరు? పేషంటును మంచం మీదనే పండవెట్టి సెలైన్ మీద సెలైన్ ఎక్కిస్తే లేస్తడా సార్? జెర నడిపియ్యాలె." ఆమె దుప్పటి మడత పెట్టుకుంటూ లోపలికి పోయింది.

హరికిషన్ చేతిలోని ప్లగ్గు వంక చూశాడు. తర్వాత చెయ్యి కూడా కడుక్కోకుండా బస్సెక్కాడు. దేవానందం షట్టరు సగం దించుతున్నాడు.

"నేను స్కూలుకు పోతలేను," అన్నాడు హరికిషన్.

"రిటైరైండ్రా?"

"బండి మీద పోతలేను. ఎక్కడికీ పోతలేను. స్టాండు మీదనే స్టార్ట్ చేసి, చాయ్ మరిగేదాక ఉంచి, ఆపుతున్న. రోజూ. నా భార్య బండి అది. ఆ చప్పుడు..."

దేవానందం షట్టరు వదిలేశాడు.

"చోక్ గుంజి పెడుతరా?"

"పెడుతా. లేకుంటే ఆగిపోతది."

"గదే సార్. ఇంజను వేడెక్కకముందే ఆపుతరు. చోక్‌తోని పెట్రోలు ఎక్కువైతది. మసంతా ప్లగ్గు మీదనే. గట్ల నడిపితే దునియాల ఏ ప్లగ్గు పెట్టినా గింతే." లోపలినుంచి తీగల బ్రష్షు తెచ్చి, హరికిషన్‌కు మొదట ఇచ్చిన రకం ప్లగ్గు చేతిలో పెట్టాడు. "పాతవన్నీ దీంతోని రుద్దుకోండ్రి, పనికొస్తయి. బండికి మాత్రం ఇదే పెట్టి రోడ్డెక్కండ్రి. దానికి గాలి తగలాలె."

"నాకు నడపరాదు. ఆమె నడిపేది, నేను వెనక కూసునేటోణ్ని."

"వెనక గూసున్నరు గద ఇన్నేండ్లు. సగం వచ్చినట్టే."

ఆదివారం తెల్లవారాక హరికిషన్ బండిని గేటు బయటికి తోశాడు. కుడికాలి కింద గేరు, ఎడమకాలి కింద బ్రేకు. ఎప్పుడో స్కూటరు నడిపిన కాళ్లకు అంతా తలకిందులుగా ఉంది. వీధిలోనే ఆగింది. మలుపులో ఆగింది. పాలవాడు నిలబడి చూశాడు. కంటోన్మెంటు రోడ్డు ఎక్కాక చెట్ల కింద రద్దీ తగ్గింది. రెండో గేరు పడింది. భుజాలు బిగబట్టి, ఎదురొచ్చే ప్రతి బండికీ పక్కకు జరుగుతూ, తిరుమలగిరి దాకా పోయాడు. పోస్టాఫీసు మూసి ఉంది. దాని ముందు బండి ఆపలేదు. ఆపితే మళ్లీ స్టార్ట్ అవుతుందో లేదోనని భయం. మూడో గేరులో తిరిగి వస్తుంటే గాలి చొక్కాలోకి దూరింది. ఆ గాలి మునుపెప్పుడూ నేరుగా అతనికి తగల్లేదు. ముందు ఆమె వీపు ఉండేది.

ఇంటికొచ్చి, ఇంజను చల్లారేదాకా దాని చుట్టూ తిరిగి, ప్లగ్గు విప్పాడు. అంచున ఇంకా నలుపు ఉంది. కొస మాత్రం చాయ్ రంగుకు తిరిగింది.

సాయంత్రం రాఘవేందర్ ట్రాలీ ఆటోతోనే వచ్చాడు. హరికిషన్ ప్లగ్గు విప్పి అతని అరచేతిలో పెట్టాడు. టర్నరు కొడుకు, చూడగానే తెలుసుకున్నాడు.

"ఎవరు నడిపిండ్రు?"

"నేనే."

"నువ్వా?" రాఘవేందర్ మేడమీది మేబెల్ వంక చూశాడు.

"నిజమే," అంది ఆమె. "పొద్దుగాల మలుపు కాడినుంచి చప్పుడు వినొచ్చింది. స్టాండు మీది చప్పుడు వేరే, దూరం నుంచి దగ్గరికొచ్చేది వేరే. నా చేతుల పాలగిన్నె జారినంత పనైంది. కల్పలతే అనుకున్న."

రాఘవేందర్ ఆటోవాడిని వెళ్లిపొమ్మన్నాడు. హరికిషన్ మాత్రం మేబెల్ అన్నదాని దగ్గరే ఆగిపోయాడు. ఇన్నాళ్లూ అతను వెతికింది ఆ దగ్గరికొచ్చే చప్పుడునే. పొద్దున అది వచ్చింది. కాని తను బండి మీదే ఉన్నాడు గనక వినలేదు.

ప్లగ్గు బిగించి, తాళం బావమరిది చేతికిచ్చాడు. "రాఘవా, పెద్ద రోడ్డు దాకా పోయి రా."

"నడిచిందని ఒప్పుకున్న గద బావా. ఇంకెందుకు?"

"చాయ్ పెట్టాలె," అన్నాడు హరికిషన్.

రాఘవేందర్ అతని మొహం చూసి బండెక్కాడు. కిక్కర్ తొక్కాడు. చప్పుడు గేటు దాటింది, వీధి దాటింది, సన్నబడి పోయింది.

హరికిషన్ వంటింట్లోకి వెళ్లి గిన్నెలో నీళ్లు పోశాడు. అగ్గిపెట్టె చేతిలో పట్టుకుని, స్టవ్వు వెలిగించకుండా నిలబడ్డాడు. కిటికీ తెరిచే ఉంది. ఎక్కడో కుక్కర్ కూత పెట్టింది. పిల్లలు బంతి కోసం అరుచుకున్నారు. అతను అటూ ఇటూ తిరగలేదు.

మలుపు దగ్గర బుల్లెట్ వినపడింది. హరికిషన్ అగ్గిపుల్ల గీశాడు.