మొగలి డొంక మలుపు

ఉద్దానంలో పొద్దుటి పూట రోడ్డు చూడముచ్చటగా ఉంటుంది. రెండు పక్కలా కొబ్బరి, జీడి తోటలు. మధ్యలో హైస్కూలుకు పోయే పిల్లల సైకిళ్లు, కేకలు, అవసరమున్నా లేకపోయినా మోగే బెల్లులు. అయితే వజ్రపుకొత్తూరు వైపు పోయే ఆ రోడ్డులో, మొగలి పొదలు గుబురుగా అల్లుకున్న మొగలి డొంక మలుపు రాగానే ఈ సందడంతా ఆగిపోతుంది. పిల్లలు నోరు కట్టేసుకుంటారు. బెల్లు మీంచి బొటనవేలు తీసేస్తారు. తల వంచుకుని, ఎటూ చూడకుండా, గబగబా తొక్కేస్తారు. కొత్తగా చూసినవాళ్లు ఎంత బుద్ధిమంతులో అనుకుంటారు. పాపం, ఆ పిల్లలు భయంతో చచ్చిపోతుంటారు.

కిందటేడు ఆ మలుపులోనే లక్ష్మీప్రియ అనే ఇంటర్ పిల్ల సైకిలు మీద వస్తూ కంకర లారీ కింద పడి చనిపోయింది. తర్వాత కొన్నాళ్లకు, కొబ్బరికాయలు దింపే పాపారావు అక్కడే ఎదురొచ్చిన మోటారుసైకిలుకు గుద్దుకుని కాలు విరగ్గొట్టుకున్నాడు. తెల్ల చున్నీతో ఆ పిల్ల కనిపించి చెయ్యూపి పిలిచిందని ఆసుపత్రి మంచం మీంచే చెప్పాడు. ఇంకేముంది, ఊరు తీర్పు ఇచ్చేసింది. పిల్ల గాలై డొంకలో చేరింది. బెల్లు కొడితే తన సైకిలనుకుని వస్తుంది. డొంకలో మట్ట నరికితే నరికినవాడి ఇంటిని పట్టుకుంటుంది. రోడ్డు మీదికి వచ్చిన మొగలి మట్టల్ని ఏటా వానలకు ముందు తోట రైతులు కొట్టేయడం అక్కడి ఆనవాయితీ. దాన్ని మానేసి, డొంకకు ఎర్రగుడ్డ కట్టి, దండం పెట్టి ఊరుకున్నారు. భయానికి నీళ్లక్కర్లేదు కదా, డొంకతో పాటు అదీ ఏపుగా పెరిగింది.

లక్ష్మీప్రియ తల్లి దాలమ్మ మాత్రం ఈ మాటలకు రోజూ కుమిలిపోయేది. కుళాయి దగ్గర తను రాగానే ఆడవాళ్లు గొంతు తగ్గించేవారు. కూతురు పోయిన దుఃఖం ఒకటైతే, కూతుర్ని దెయ్యమన్నారన్న దుఃఖం ఇంకొకటి. వీటన్నిటి అడుగున, ఎవరికీ చెప్పుకోలేని ఆశ ఒకటుండేది. ఊరందరికీ కనిపించే బిడ్డ కన్నతల్లికి ఎందుకు కనిపించదు?

రెండో కూతురు భవ్యశ్రీ తొమ్మిదో తరగతి. ఒకరోజు తండ్రి పైడిరాజు పిల్ల సైకిలుకు గొలుసు కట్టేయబోయాడు.

"సదువొద్దు, ఏటొద్దు. ఒకర్ని పోగొట్టుకున్నాం, సాలదేటి?"

"నాన్నా, నాను సప్పుడు సెయ్యకుండానే ఎల్తన్నాను కదా! నాలుగు రోజులు సూడు నాన్నా," అని పిల్ల కాళ్లావేళ్లా పడింది. ఈ వారం వరకూ చూద్దామన్నాడు.

ఆ సాయంత్రం బడి వదిలే వేళకు దాలమ్మ మలుపు దగ్గరికి వెళ్లి, డొంక పక్కన ఇసకలో కూలబడింది. గాలికి మొగలి ఆకులు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. లోపల ఎవరో గుసగుసలాడుతున్నట్టే ఉంది.

"పిరియా! నానే, మీ అమ్మని. ఒక్కపాలి అగుపడమ్మా. నన్ను తీసుకెల్లిపో, రాను అనను. సెల్లిని మాత్తరం ఒగ్గేయమ్మా," అని డొంకకేసి చేతులు జోడించింది.

మలుపు అవతల తెల్లగా ఏదో కదిలింది. వచ్చింది! దాలమ్మ లేచి నిలబడింది. అది యూనిఫాం చున్నీ. తల వంచుకుని, బెల్లు లేకుండా, రోడ్డు నడిమధ్యన వస్తోంది భవ్యశ్రీ. మధ్యన కాక ఎక్కడ తొక్కుతుంది? తారు అంచంతా మొగలి ముళ్లు మింగేశాయి. ఇటువైపు నుంచి కంకర లారీ దూసుకొస్తోంది. తల్లికి రెండూ కనిపిస్తున్నాయి. వాటికి ఒకదానికొకటి కనిపించడం లేదు.

దాలమ్మ కెవ్వున అరిచి, ఉరికి, పిల్లను సైకిలుతో సహా ఇసకలోకి ఈడ్చేసింది. లారీ కీచుమంటూ ఆగింది. డ్రైవరు దిగి పరుగెత్తుకొచ్చాడు.

"ఈ ఆకులెనకాల మనిషున్నట్టే తెలవదమ్మా! పాప బెల్లైనా కొట్టనేదు."

"ఎందుకే కొట్టనేదు?" దాలమ్మ కూతుర్ని కుదిపింది.

"కొడితే అప్ప వత్తాదంట కదమ్మా," అని భవ్యశ్రీ భోరుమంది.

దాలమ్మ పిల్లను గుండెకు అదుముకుని డొంక వంక చూసింది. కిందటేడు కొబ్బరి దింపుల హడావిడిలో ఈ డొంక కొట్టడం వాయిదా వేశారు. పెద్దదీ ఇలాగే రోడ్డు మధ్యకు వచ్చి ఉంటుంది. ఇలాగే లారీకి కనిపించి ఉండదు.

తెల్లారి దాలమ్మ కత్తి పట్టుకుని మలుపుకు వెళ్లింది. ఎర్రగుడ్డ లాగేసి మట్టలు నరుకుతుంటే ఊరంతా పోగైంది. ఎవరూ దగ్గరికి రాలేదు.

"దాలమ్మా, ఏటి సేత్తన్నావు? ఊరికి అరిష్టం!" అని ఆ డొంకను ఆనుకున్న తోట యజమాని రామూర్తి అరిచాడు.

"నా గుంట పిరియ బతికున్నప్పుడు సీమకైనా అపకారం సెయ్యనేదు మావా. సచ్చినాక దాన్ని మనుసుల్ని సంపేదాన్ని సేసినారు. అదే దెయ్యమైతే ముందు నా కాడికే రావాల. ఏడాదై ఎదురు సూత్తన్నాను, రానేదు!"

ముళ్లు గీరుకుని ఆమె చేతులు రక్తమోడుతున్నాయి. గుంపులోంచి కర్ర ఊతంతో పాపారావు ముందుకొచ్చాడు.

"నాకూ ఏటీ అగుపడనేదు ఒదినా. ఎదురొచ్చిన బండే ఈ ఆకుల్లో అగుపడనేదు. తాగి పడ్డానంటారని అలాగ సెప్పీసినాను. తప్పైపోయింది."

రామూర్తి తనే కత్తి తెప్పించుకుని నరకసాగాడు. పైడిరాజు వచ్చి చేరాడు, తర్వాత ఒక్కొక్కరూ వచ్చారు. ఎండెక్కేసరికి మలుపు ఈ చివర నుంచి ఆ చివర దాకా తేటగా కనిపించింది. డొంక వెనక ఉత్త ఇసకే ఉంది. ఆ ఇసక చూసి దాలమ్మ ఆ రోజే కూతురు పోయినట్టు ఏడ్చింది. ఇక ఎదురు చూడడానికి కూడా ఏమీ మిగల్లేదు.

రామూర్తి ఆమె పక్కన చతికిలబడ్డాడు. "లారీ ఒక్కటే సంపనేదమ్మా దాన్ని. నడిసేవోడికీ, సైకిలు తొక్కే పిల్లకీ రోడ్డు పక్కన అడుగు జాగా ఒగ్గనేదు, నానే సంపినాను," అన్నాడు.

అయ్యా, అమ్మా, మీ ఊళ్లోనూ ఇలాంటి మలుపు ఒకటుంటుంది. రోడ్డు అంచు నడిచే మనిషిది, సైకిలు తొక్కే బిడ్డది. దాన్ని మనమే మింగేసి, పోయిన ప్రాణాల మీద నింద వేయొద్దు.