గ్యాస్ బుకింగ్ నంబరు

కొవ్వూరు చేపల మార్కెట్లో వీరవేణి కత్తిపీట ముందు కూర్చుని శీలావతి చేపకి పొలుసు తీస్తుంటే, తమ్ముడు సురేష్‌బాబు వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

"అక్కా, నాకు బతకాలని లేదు," అన్నాడు.

టీ తాగుదామా అన్నంత మామూలుగా అన్నాడు. ఆ మామూలుతనానికే వీరవేణి చేపని వదిలేసి వాడి వైపు తిరిగింది.

వాడికి మగవాళ్ళంటేనే ఇష్టమని ఆవిడకి రెండేళ్ళుగా తెలుసు. నిడదవోలు ఉదయ్‌కుమార్‌తో వాడిది వట్టి స్నేహమేనని ఊరు అనుకుంటోంది. ఆ ఉదయ్‌కుమార్‌కి మొన్న ఆదివారం నిశ్చితార్థం. ఆ మహానుభావుడు వీణ్ణి భోజనానికి పిలవడమూ, ఈ వెర్రిబాగులవాడు వెళ్ళి దగ్గరుండి వడ్డించి రావడమూ కూడా జరిగాయి. అప్పట్నుంచి వాడు ముద్ద ముట్టలేదు.

వీరవేణి తన కత్తిపీటని పక్కన చేపలమ్మే నూకరత్నానికి అప్పజెప్పి, రాజమండ్రి డాక్టరు దగ్గరికని స్కూటీ తీసింది. ఖాళీ బేసిన్ వాడి ఒళ్ళో పెట్టి, "రెండు చేతుల్తో పట్టుకో. పడేశావంటే చంపేస్తాను," అని, ఏ మాటన్నదో తెలిసి నాలిక్కరుచుకుంది. రాజమండ్రిలో ఆవిడకి బేసిన్‌తో పనేముంది? ఏమీ లేదు. గోదావరి మీద వంతెన దాటినంతసేపూ వాడి చేతులు ఖాళీగా ఉండకూడదు, అంతే.

రాజమండ్రి మనసు డాక్టరుగారి హాల్లో "మనసు విప్పి మాట్లాడండి" అని గోడంత బోర్డు. దాని కిందే ఇంకోటి, "నిశ్శబ్దం పాటించండి" అని. కౌంటర్లో అమ్మాయికి వీరవేణి సంగతంతా చెవిలో చెప్పింది. ఆ తల్లి బుద్ధిగా రాసుకుని, నలభైమంది వినేలా కేకేసింది.

"మగవాళ్ళంటే ఇష్టం అన్నారు కదా, ఆ అబ్బాయి లోపలికి రావాలండీ!"

ఎంత మర్యాద! 'అండీ' మాత్రం మర్చిపోలేదు. హాల్లో తలలన్నీ ఇటు తిరిగాయి. సురేష్‌బాబు బేసిన్‌ని మొహానికి అడ్డం పెట్టుకుని లోపలికి నడిచాడు.

డాక్టరుగారు తలెత్తకుండానే బలానికి మాత్రలు రాసేశారు. "పెళ్ళి చేసెయ్యండమ్మా, సర్దుకుంటుంది."

"వీడు బతకనంటున్నాడండీ."

"అందుకేగా పెళ్ళి చెయ్యమంటున్నాను!"

బతకనంటున్నవాడి చేతికి ఇంకో పిల్ల బతుకు కూడా అప్పజెప్పాలన్నమాట. ఈ మాట చెప్పడానికి ఎన్నేళ్ళు చదివారో పాపం. ఇంకా నయం, పెళ్ళి కూడా రోజుకి ఒకపూటా రెండుపూటలా అని చీటీలో రాయలేదు.

మళ్ళీ వంతెన, మళ్ళీ బేసిన్. కొవ్వూరులో రిటైరైన హెడ్మాస్టరు త్రిమూర్తులుగారు 'కుటుంబ సలహా కేంద్రం' నడుపుతున్నారు. బోర్డు కింద "గోప్యత మాకు ప్రాణం" అని ఎర్ర అక్షరాల్లో రాయించారు. ఆయన మంచినీళ్ళిచ్చారు, ఎదురుగా కూర్చున్నారు, తల ఊపుతూ విన్నారు. రెండు రోజులుగా సరిగ్గా పెదవి విప్పనివాడు పావుగంట మాట్లాడాడు, కళ్ళు తుడుచుకున్నాడు. హమ్మయ్య, దేవుడు కనిపించాడనుకుంది వీరవేణి.

"ఇంతకీ మీరు ఎవరి తాలూకమ్మా?" అన్నాడు దేవుడు.

మనవైపు ఈ ప్రశ్నకి జవాబు చెప్పకుండా ఎవరూ ఎదగరు. పెళ్ళిలో, బస్సులో, ఆస్పత్రిలో ఎవరడిగినా చెప్పేయడమే. వీరవేణి నోరు దానంతటదే తెరుచుకుంది. "పడవల పల్లంరాజుగారి పిల్లలమండీ."

"మాణిక్యాంబ పిల్లలా! ఓరి మీ ఇల్లు బంగారంగానూ! మీ అమ్మ నాకు వరసకి చెల్లెలు. నేను మీ మేనమామనిరా!"

"మాస్టారూ, ఈ సంగతి మాత్రం ఇంట్లో..."

"గోప్యత పరాయివాళ్ళకమ్మా. మనలో మనకేంటి?" అంటూనే ఫోన్ తీశారు. "బావా!" అని మొదలుపెట్టి, ఒక్క ముక్క వదలకుండా పల్లంరాజుకి చెప్పేశారు. "నువ్వేం కంగారుపడకు. మా అమ్మాయి సాయిదుర్గ ఉందిగా, మేనరికం చేసేద్దాం!"

సాయిదుర్గని ఎవరూ అడగలేదు. ఆ పిల్ల ఆ టైముకి కాలేజీలో పరీక్ష రాసుకుంటోంది.

వీరవేణి తిరిగి చూసేసరికి కుర్చీలో బేసిన్ ఉంది, తమ్ముడు లేడు.

చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది. గోదావరి రేవు మెట్ల మీద దొరికాడు. వెనక నుంచి చొక్కా పట్టుకుని కూలేసింది.

"నాన్నకి తెలిసిపోయింది. ఇంకేం మిగిలిందక్కా?"

"నేను మిగల్లేదంట్రా, గాడిదా!" అని భోరుమంది. పట్టిన చొక్కా మాత్రం వదల్లేదు.

ఆవిడ ఏడుపు చూసి వాడు జేబులోంచి ఫోన్ తీసి చూపించాడు. తెర మీద 'గ్యాస్ బుకింగ్' అని ఓ నంబరు.

"హెల్ప్‌లైనక్కా. నాలాంటివాళ్ళ కోసమే. ఇంట్లో ఎవరైనా చూస్తారని అలా పెట్టుకున్నా. మూడు నెలలైంది."

"మరి చెయ్యలేదేంటిరా?"

"ఇంటిపేరు అడుగుతారేమోనని."

వీరవేణికి తల తీసేసినట్టయింది. ఇందాక ఇంటి గుట్టు మాస్టారి చేతిలో పెట్టింది తన నోరే కదా. ఆ నంబరు తనే నొక్కి స్పీకర్ పెట్టింది.

"నమస్తే అండి," అంది ఓ ఆడగొంతు. "మిమ్మల్ని ఏమని పిలవమంటారు? అసలు పేరే చెప్పక్కర్లేదండి."

వాడు ఫోన్‌కి దగ్గరగా వంగాడు. బుద్ధెరిగాక మొదటిసారి, ముందు ఇంటిపేరూ వెనక తండ్రిపేరూ లేకుండా, "సురేష్," అన్నాడు.

"ఇప్పుడు మీ పక్కన ఎవరైనా ఉన్నారా, సురేష్ గారూ?"

"మా అక్క ఉందండి. నా చొక్కా పట్టుకుంది."

"వదలొద్దని చెప్పండి."

వాడు మాట్లాడుతూనే ఉన్నాడు, మధ్యలో ఏడ్చాడు, మళ్ళీ మాట్లాడాడు. గంట గడిచాక పైమెట్టు మీద పల్లంరాజు కనిపించాడు. ఊరంతా వెతికి వచ్చాడేమో, రొప్పుతున్నాడు. కోపమో భయమో ఆ మొహంలో తెలియడం లేదు. వీరవేణి వేలు పెదవుల మీద పెట్టింది.

ఆయన గొంతు తగ్గించాడు. "ఎవరే ఆవిడ? ఏ ఊరు? మనకేమవుద్ది?"

"మనకేమీ కాదు నాన్నా," అంది వీరవేణి. "అందుకే వాడు మాట్లాడుతున్నాడు."