గేజీలో పట్టని వాన

"ఎనిమిదైందే, గేజీ చూశావా?" పక్క మీద నుంచే కేకేశాడు జైలోసి. పందొమ్మిదేళ్ళుగా పొయ్యి రాజేసి, పెరట్లోకి వెళ్ళి, వానగేజీలో నీళ్ళు కొలిచేది అతని భార్య ఎనెలెసి. ఆమె చెప్పింది పుస్తకంలో రాసి సంతకం పెట్టేది జైలోసి. షిరె లోయలో అందరూ అతన్ని 'వానల సారు' అంటారు. సొమ్మొకరిది, సోకొకరిది.

ఆ రోజు బ్లాంటైర్ నగరం నుంచి ఇంజనీరు వచ్చాడు. "వందేళ్ళకోసారి పడే కుండపోత ఎంతో తేలితే ఏటిగట్టు ఎత్తు తేలుతుందండీ. ఉపగ్రహం ఊళ్ళకి ఊళ్ళు కలిపి సగటు చెబుతుంది. ఒక్కచోట విరుచుకుపడిన వానని తక్కువ చేసేస్తుంది. అందుకే మీ పుస్తకంతో సరిచూస్తున్నాం." కాసేపటికి అతని మొహం వెలిగింది. "భలే కలిసిందండీ! మీ పెద్ద వాన నూట ఇరవై ఏడు మిల్లీమీటర్లు. ఉపగ్రహమూ ఇంచుమించు అంతే అంటోంది!"

పొయ్యి మీద మొక్కజొన్నపిండి న్సిమా కలుపుతున్న ఎనెలెసి చెయ్యి ఆగిపోయింది. ఆ పెద్ద వాన పడ్డ రోజు చంటి కూతురు తడాలాను వీపున కట్టుకుని తడుస్తూ వెళ్తే గేజీ అంచుదాకా నిండి ఉంది. ఒంపి మళ్ళీ పెట్టింది. ఇంకో డెబ్బై ఒకటి పడింది. మొత్తం నూట తొంభై ఎనిమిదని చెబితే జైలోసి పగలబడి నవ్వాడు. "గేజీలో పట్టేదే నూట ఇరవై ఏడు. అంతకు మించి వాన ఎలా పడుతుందే, నీ మొహం!" "మొగుడి లెక్క దిద్దే ఆడది కొంప ముంచుతుంది," అని అత్త అందుకుంది.

ఎనెలెసి గుమ్మంలోకి వచ్చింది. "ఆ రోజు గేజీ నిండితే ఒకసారి ఒంపేశాను బాబూ. అది పుస్తకంలో లేదు."

"ఆడవాళ్ళకి వానెప్పుడూ ఎక్కువే కనబడుతుందండీ," అన్నాడు జైలోసి. ఇంజనీరూ నవ్వేశాడు. న్సిమా తిని వెళ్ళిపోయాడు.

మరుసటి ఏడు ఆ లెక్కకే గట్టు లేచింది. దాని కిందే తడాలా కొత్తిల్లు కట్టుకుంది. వానకారు మొదటి మబ్బు కమ్మిన పొద్దున ఎనెలెసి గేజీ వైపు చూడకుండా కూతురింటికి నడిచింది.

"పైకి వచ్చెయ్యి తల్లీ. ఈ గట్టు ఆగదు."

తడాలా నవ్వింది. "ఊరుకో అమ్మా. నాన్న కొలిచిన వానకి కట్టిన గట్టు. నాకేం భయం?"

ఎనెలెసి తల తిప్పి గట్టు వైపు చూసింది. ఆ వాన కొలిచింది తనేనని కూతురికైనా ఏనాడూ చెప్పుకోలేదు.