నెయ్యి మీద పడ్డ నింద

నేను ఒక నేతి గిన్నెను. ఇత్తడి ఒళ్ళు, లోపల కళాయి, పైన బుడిపె ఉన్న మూత. ఇత్తడి సామానుకు పేరుపడ్డ అజ్జరంలో సుత్తిదెబ్బలు తిని గుండ్రంగా తయారై, కాకినాడలో గవర్రాజు గారి పెళ్ళికి చదివింపుగా వచ్చాను. నా ఒళ్ళు చూసి నవ్వకండి. ఆ రోజుల్లో పొట్ట ఉన్నవాళ్ళకే మర్యాద ఎక్కువ. గవర్రాజు గారి బుగ్గలు చూసే కదా ఆడపెళ్ళివారు ఈ ఇంట తిండికి లోటు లేదని తేల్చుకున్నది!

ఆ ఇంట్లో అన్నం మీద నేతిబొట్టు పడితే గానీ ఎవరూ కంచంలో చెయ్యి పెట్టేవారు కాదు. రిజిస్ట్రారాఫీసులో ఊరందరినీ నిలబెట్టే గవర్రాజు గారు కూడా, భార్య మంగాయమ్మ గారు నన్ను తెచ్చేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చునేవారు. చెప్పొద్దూ, నాకు కాస్త గర్వం ఉండేది.

ఆ గర్వం సైన్సు దించింది. గవర్రాజు గారి నాన్న నలభై దాటీ దాటకుండానే గుండె ఆగి పోయారు. మంగాయమ్మ గారికి కాపురానికి వచ్చిన రోజు నుంచీ అదే బెంగ. ఆయన మెట్లెక్కి ఆయాసపడితే ఈవిడకి చెమటలు పట్టేవి. చివరికి ఆయన్ని పెద్ద డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. వెన్నా నెయ్యీ తింటే రక్తంలో కొవ్వు పెరుగుతుందనీ, అది గుండె నాళాల్లో పేరుకుంటుందనీ పై దేశాల్లో కనిపెట్టారట. నెయ్యి మానండి, గింజల నుంచి తీసినదైతే ఫరవాలేదు అన్నాడట డాక్టరు. పాపం, ఆయన్నని ఏం లాభం? అప్పటికి సైన్సుకు తెలిసింది కూడా దాదాపు అంతే.

ఆ సాయంత్రమే నన్ను తోమి వంటింటి అటక మీద బోర్లించారు. నా చోట్లోకి వనస్పతి డబ్బా దిగింది. గింజలదే కదా, ఆవుతో గేదెతో పనిలేదు కదా అని మంగాయమ్మ గారి ధైర్యం. తమాషా ఏవిటంటే, బొట్టు వేసే ఆచారం మాత్రం పోలేదు. అన్నం మీద వనస్పతి బొట్టు వేసుకుని, అదే భక్తితో కళ్ళకద్దుకుని తినేవారు. పైనుంచి చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

నెయ్యి మానేశామన్న ధీమాతో ఇద్దరూ రెచ్చిపోయారు. పూరీలు వనస్పతిలో, జంతికలు వనస్పతిలో, ఆదివారం మైసూరుపాకూ అందులోనే. పంచదార ఊసు డాక్టరు ఎత్తలేదు కాబట్టి కాఫీలో ఇంకో చెంచా పడింది. గవర్రాజు గారి చొక్కా గుండీలు ఒకటొకటే ఓడిపోయాయి. నెయ్యి ముట్టకపోయినా ఇలా ఊరుతున్నారు, ముట్టి ఉంటే ఏమయ్యేదో అని మంగాయమ్మ గారు ఇరుగమ్మలతో అనేది. నేను అటక మీద బోర్లా పడి ఉన్నాను తల్లీ, ఆ పొట్టతో నాకేం సంబంధం?

ఏళ్ళు గడిచాయి. రిటైరయ్యాక ఒక పొద్దున్న గవర్రాజు గారు ఛాతీ పట్టుకుని వంటింటి గుమ్మంలో కూలబడ్డారు. ఆసుపత్రిలో స్టెంటు వేసి బతికించారు. ఇంటికొచ్చాక పక్కవీధి డాక్టరమ్మ హైమవతి చూడటానికి వచ్చింది. ఏం తింటున్నారో చూస్తానంటూ నేరుగా వంటింట్లోకే వచ్చి, వనస్పతి డబ్బా చేతిలోకి తీసుకుంది.

ఆ పిల్ల మెత్తగానే చెప్పింది. నూనెను ఇలా గట్టిపరిచేటప్పుడు పుట్టే ఒక రకం కొవ్వు గుండెకి నెయ్యికన్నా ఎక్కువ చేటని తర్వాత తేలిందట. పంచదారా, తిని కూర్చోవడమూ తక్కువవేం కావట. నెయ్యి గిన్నెలకొద్దీ కాదు గానీ ఓ చెంచాడు ఫరవాలేదంది.

నాకు అటక మీంచి దూకాలనిపించింది. ఇన్నేళ్ళ నింద పోయింది! అంతలో మంగాయమ్మ గారి మొహం కనబడింది. పాలిపోయి ఉంది.

డాక్టరమ్మ వెళ్ళగానే ఆవిడ పొయ్యి ముందు చతికిలబడింది. "మీ నాన్నలా మీరు పోకూడదనే కదండీ నెయ్యి మాన్పించాను. చివరికి నా చేత్తోనే వండి మీ గుండెకి ముప్పు తెచ్చిపెట్టాను" అని ఏడ్చింది. ఇక పొయ్యి వెలిగించడానికి చెయ్యి రాలేదు. పక్కింటివాళ్ళు పంపిన చారన్నం ఆయనకి పెట్టి తను పస్తు పడుకుంది. మర్నాడు పొద్దున్నా అంతే. నా సంతోషం ఎటు పోయిందో తెలియలేదు.

మధ్యాహ్నం గవర్రాజు గారు గోడ పట్టుకుని మెల్లగా వచ్చి పీట మీద కూర్చున్నారు.

"నీ పూరీలు నన్నేం చేశాయి మంగా? మా ఆఫీసు ఎదురుగా హోటలుంది చూడు, ఉద్యోగం చేసినన్నాళ్ళూ అక్కడ రోజూ నెయ్యి కారే పెసరట్లు తిన్నాను. తిడతావని నీకు చెప్పలేదు" అన్నారు.

ఆవిడ ఏడుపు ఆగిపోయింది. డాక్టరు వద్దన్న నెయ్యి నా కళ్ళుగప్పి తింటారా అంటూ లేచి కొంగు దోపింది. తిడుతూనే పొయ్యి వెలిగించింది, తిడుతూనే పప్పు కడిగింది, తిడుతూనే అన్నం వార్చింది. ఆయన తల వంచుకుని తిట్లన్నీ హాయిగా తిన్నారు.

అదంతా పచ్చి అబద్ధం. రోజూ హోటల్లో నెయ్యి తినే మనిషైతే, ఆవిడ గుడికి వెళ్ళినప్పుడల్లా స్టూలెక్కి, ఖాళీగా పడున్న నన్ను తిప్పి వాసన చూసుకుని మళ్ళీ బోర్లించడు. నిర్దోషినని తేలిన మర్నాడే నింద తిరిగి నెయ్యి నెత్తిన పడింది.

పడనీండి. కింద మంగాయమ్మ గారు కంచం ముందు కూర్చుని అన్నం కలుపుకుంటోంది.