కుడివైపు గుంట

సోఫాని బోర్లా తిరగేసి, అడుగున ఉన్న గోనెగుడ్డని మేస్త్రి ఒక అంచు నుంచి ఊడదీసుకుంటూ వస్తున్నాడు. తుప్పు పట్టిన మేకులు టపటపా రాలుతున్నాయి. గోనె విడిన కొద్దీ లోపలి నుంచి దుమ్ము, ఆ దుమ్ముతో బాటు ఒక వాసనా బయటికొస్తున్నాయి. ప్రతి సోఫాకీ ఒక వాసన ఉంటుంది. తలనూనె, ఒలికిన పాలు, జ్వరం వచ్చినవాళ్ల చెమట, పిల్లలు తుడుచుకున్న చేతులు, అన్నీ లోపల ఊరి, ఆ వాసన ఇంటింటికీ వేరేగా తయారవుతుంది. కళ్లకు గంతలు కట్టి తీసుకెళ్లినా, తను ఒకసారి విప్పిన సోఫాని ముక్కుతో గుర్తుపడతానని భార్య బతికున్న రోజుల్లో గొప్పలు పోయేవాడు. "ఆహా, పక్కన గిన్నె మాడిపోతుంటే మాత్రం తెలీదు!" అనేది ఆవిడ.

"మేస్త్రిగారూ, ఆ కుడివైపు మాత్రం..." గుమ్మంలో నిలబడి ఇంటి కోడలు గొంతు తగ్గించి అంది.

"తెలుసమ్మా. పొద్దుట్నించీ మూడుసార్లు చెప్పారు."

"ముప్ఫైసార్లు చెప్తాను. మీరు విసుక్కున్నా సరే."

సోఫా ఈ ఇంటికి వచ్చి ఒక తరం గడిచింది. దాని కుడిమూల ఇంటి పెద్దాయన చోటు. ఆఫీసు నుంచి వచ్చి కూర్చుంటే భోజనానికే లేచేవాడట. ఆయన పోయి ఏడాది దాటింది గాని ఆయన కూర్చున్న గుంట పోలేదు. ఆయన భార్య రోజూ ఆ గుంట పక్కన కూర్చుని దానితో మాట్లాడుతుంది. కబుర్లు చెబుతూ చెబుతూ తింటుంది. అక్కడైతేనే తింటుంది. గోడలకి రంగులు వేసేటప్పుడు సోఫాని లోపలి గదిలోకి జరిపి, పైన సామాన్లు పేర్చారు. ఆ రంగులు ఆరేదాకా ఆవిడ మెతుకు ముట్టలేదు. చివరికి ఆసుపత్రిలో సెలైను ఎక్కించాల్సి వచ్చింది. ఇంకోసారి ఇలా అయితే ఈ ప్రాణం తట్టుకోదని డాక్టరు మొహం మీదే చెప్పాడు.

పోనీ అలా వదిలేద్దామంటే సోఫా ఆగేట్టు లేదు. అడుగు పట్టీలు తెగిపోయాయి. ఒక స్ప్రింగు గుడ్డని చీల్చుకుని పైకొచ్చి ముసలావిడ పిక్కని గీరేసింది. కొత్తది కొనే స్తోమత ఇంట్లో లేదు, ఉన్నా అది పనికిరాదు. పాతదాన్నే బాగుచెయ్యాలి, గుంట మాత్రం పోకూడదు. ఇదీ ఒప్పందం.

ముందురోజు మేస్త్రి తలూపి వచ్చాడు గాని, రాత్రంతా అదే ఆలోచన. జీవితమంతా అతను చేసింది గుంటలు పూడ్చడమే. సినిమాహాలు సీట్లు, బస్సు సీట్లు, మంగలి కుర్చీలు, గెజిటెడ్ ఆఫీసర్ల కుర్చీలు. మనుషులు తమ బరువుతో తొలిచిన చోట ఇతను కొత్త ఫోము నింపి, గుడ్డ బిగించి, ఇక్కడెప్పుడూ ఎవరూ కూర్చోలేదన్నట్టు చదును చేసి పంపేవాడు. ఉన్న గుంటని ఉంచమన్నవాళ్లు ఇంతవరకూ తగల్లేదు.

ముసలావిడ భోజనాల బల్ల దగ్గరి కుర్చీలో కూర్చుని చూస్తోంది. బక్కపల్చటి మనిషి. చేతుల్లో ఒక నాప్‌కిన్‌ని మడతపెడుతూ, విప్పుతూ ఉంది.

"ఆయన్ని ఎక్కడ కూర్చోబెట్టారు?" అంది ఉన్నట్టుండి.

మేస్త్రి కోడలికేసి చూశాడు. కోడలే అందుకుంది. "కాసేపు బాల్కనీలో అత్తయ్యా. ఎండగా ఉంది కదా, బాగుంటుంది."

కోడలు సముదాయించడానికే అన్నా, అందులో కొంత నిజమే ఉంది. కుడిమూల ఫోము దిమ్మనీ, మిగతా రెండింటినీ మేస్త్రి అప్పటికే తీసి బాల్కనీలో ఎండకి పెట్టాడు. పాత ఫోము ఎండ తగిలితే కాస్తయినా పొంగుతుంది. మిగతా రెండు దిమ్మలూ పొంగాయి. వేలితో నొక్కితే మళ్లీ లేచాయి. కుడిమూలది మాత్రం లేవలేదు. ఎవరో దానిమీద ఇంకా కూర్చునే ఉన్నట్టు, లోతుగా, నిబ్బరంగా అలాగే ఉంది. మేస్త్రి మోచేత్తో దాన్ని నొక్కబోయి, ఎందుకో ఆగిపోయాడు. ఎండలో ఆ గుంటలోపల నీడ కాస్త ఎక్కువ నల్లగా ఉన్నట్టనిపించింది. ఎడమ భుజం లాగుతుంటే రుద్దుకుంటూ లోపలికొచ్చాడు.

ఆ దిమ్మని అలాగే వాడదామంటే కుదరలేదు. చేత్తో ఎత్తగానే అంచులు పొడిపొడిగా రాలిపోయాయి. కొత్త పట్టీలు బిగించి, స్ప్రింగులు కట్టి, కొత్త ఫోముని గుంట ఆకారంలో చెక్కి, అడుగున కొబ్బరిపీచు సర్ది, పైన ముదురు గోధుమరంగు గుడ్డ కప్పేసరికి మధ్యాహ్నం దాటింది. చూడ్డానికి గుంటలాగే ఉంది. కోడలు ఊపిరి పీల్చుకుని, అత్తగారి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

ముసలావిడ కూర్చోలేదు. వంగి, అరచెయ్యి గుంటలో ఆనించి, కళ్లు మూసుకుంది. కుండలో నీళ్లెంత ఉన్నాయో చూసినట్టు అటూ ఇటూ తడిమింది.

"ఇది ఆయనది కాదు. ఆయన నావైపు ఒరుగుతారు" అని వెళ్లి మళ్లీ ఆ కుర్చీలోనే కూర్చుంది.

కోడలు కంచం తెచ్చింది. ఆవిడ మొహం తిప్పుకుంది. కోడలు బతిమాలింది. ఆవిడ నాప్‌కిన్ మడతపెట్టింది. పొద్దున్న కూడా ఏమీ తినలేదు.

"ఏం చేద్దాం మేస్త్రిగారూ?" కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకు మళ్లీ ఆ ఆసుపత్రి బెంచీ కనపడుతోంది."

మేస్త్రి చాలాసేపు సోఫా ముందు గొంతుక్కూర్చున్నాడు. ఒరగడమన్నది కత్తితో చెక్కితే వచ్చేది కాదు. ఒక పట్టీ వదులు చెయ్యాలి. పీచుని తడిపి పరవాలి. దానిమీద ఒక మనిషి, ఆయనంత మనిషి, ఆయన ఒరిగినట్టే ఒరిగి, పీచు ఆరి గట్టిపడేదాకా కదలకుండా కూర్చోవాలి.

"పెద్దాయన ఏపాటి ఉండేవారమ్మా?"

కోడలు అతనికేసి చూసి, చూపు తిప్పుకుంది. "ఏమనుకోకండి. పొద్దున్న మీరు అటు తిరిగి మెట్లెక్కుతుంటే నా గుండె జారిపోయింది. అవే భుజాలు. నడక కూడా."

పనిచేసిన సరుకు మీద మేస్త్రి ఎన్నడూ కూర్చోలేదు. పని నేర్పిన గురువు పెట్టిన నియమం అది. మనం కూర్చుంటే పాతదైపోతుందిరా, పిడికిలితో చూడు, మోచేత్తో చూడు అనేవాడు. ఇన్నేళ్లుగా ఊళ్లోవాళ్లందరికీ కూర్చునే చోటు చేసిపెట్టాడు గాని, తన ఇంట్లో మాత్రం చాపే. భార్య అడిగితే ఒకసారి మిగిలిన చెక్కలతో సోఫా చట్రం కొట్టాడు. గుడ్డా, ఫోమూ దొరికినప్పుడల్లా ఎవరిదో తొందర పని పడేది. చట్రం మీద ఆవిడ దుప్పట్లు పేర్చుకుంది, ఆ తర్వాత గిన్నెలు. ఆవిడ పోయాక గిన్నెలు కూతురు తీసుకెళ్లింది. ఇప్పుడు ఆ చట్రం గోడవారన ఖాళీగా పడి ఉంది, పళ్లూడిన నోరులాగా.

"కూర్చుంటానమ్మా" అన్నాడు మేస్త్రి.

పట్టీ వదులు చేశాడు. తడి పీచు పరిచి గుడ్డ కప్పాడు. సోఫా చేతివైపు అంచు కుట్టకుండా వదిలాడు, అవసరమైతే అక్కణ్నుంచి ఇంకాస్త పీచు కూరవచ్చని. చేతులు కడుక్కుని, చొక్కా దులుపుకుని, పరాయింటి పెళ్లిపందిట్లో పీటమీద కూర్చోమన్నవాడిలా మొహమాటపడుతూ ఒదిగి కూర్చున్నాడు. ఎడమవైపు కొంచెం ఒరిగాడు.

తడి వీపుదాకా పాకింది. ఆ తర్వాత కింద ఏదో సర్దుకుంది. పీచే అయ్యుంటుంది. నడుముకి ఎక్కడ ఆసరా కావాలో అక్కడికి వచ్చి ఆగింది.

ముసలావిడ కుర్చీలోంచి లేచింది. ఎవరూ పిలవలేదు. వచ్చి అతని పక్కన కూర్చుని, కోడలితో మామూలుగా అంది, "కంచం ఇటివ్వు."

కోడలు వంటింట్లోకి వెళ్లి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఏమిటండీ, బాల్కనీలో అంతసేపా? ఎండకి మొహం ఎలా అయిపోయిందో చూడండి" అంది ముసలావిడ.

"ఊఁ" అన్నాడు మేస్త్రి. వేరే ఏమంటాడు? పెద్దాయన కూడా ఊఁ తప్ప ఇంకో మాట ఎరగని మనిషట.

ఆవిడ ఒక్కో ముద్దా తింటూ కబుర్లు చెప్పింది. పైవాటా వాళ్ల కుళాయి కారడం, అల్లుడి పంటినొప్పి, కోడలు మంచిదేగాని గడియారం మింగిన మనిషి అవడం. మేస్త్రి వంకర సూదిలోకి దారం ఎక్కించి, ఊఁ కొడుతూనే, చేతివైపు అంచు నెమ్మదిగా కుట్టడం మొదలుపెట్టాడు.

"ఆరోజు వాన గుర్తుందా? బస్సు దిగి ఇంటికి నడిచొచ్చాం చూడండీ."

"నీ చెప్పు తెగింది" అన్నాడు మేస్త్రి.

సూది చేతిలో ఆగింది. ఆ మాట తనెందుకన్నాడో తెలియలేదు. పరాయి ఇల్లాలిని నీ అనడం కూడా తన నోటికి కొత్త. వానలో ఎవరి చెప్పు తెగదు, ఏదో నోటికొచ్చింది అని సర్దిచెప్పుకున్నాడు.

"అవును! మీవి నాకిచ్చి మీరు ఉత్తకాళ్లతో నడిచారు."

మేస్త్రి అరికాళ్లు చల్లబడ్డాయి. గచ్చు పొడిగానే ఉంది. అయినా వేళ్ల సందుల్లో బురద ఒత్తుకున్నట్టు, మడమకింద కంకర గుచ్చుకున్నట్టు స్పష్టంగా తెలిసింది. లేవాలనుకున్నాడు. పీచు ఇంకా ఆరలేదు, కదిలితే పనంతా పాడవుతుంది అని ఆగాడు. నిజానికి, లేవమని చెబితే కాళ్లు వినలేదు. భుజంలోని లాగుడు ఛాతీలోకి దిగింది. అయినా కింద ఆ గుంట అతన్ని ఎంత ఒద్దికగా పట్టుకుందంటే, బాధ కూడా ఎవరిదో అన్నట్టుంది.

"అలిసిపోయారు. కాసేపు కూర్చోండి, ఎక్కడికీ వెళ్లకండి" అంది ముసలావిడ.

కూర్చోండి. ఇన్ని ఇళ్లలో పనిచేశాడు, మంచినీళ్లు ఇచ్చారు, టీ ఇచ్చారు, పాత చొక్కాలూ ఇచ్చారు. ఈ ఒక్క మాట ఎవరూ అనలేదు.

"ఊఁ" అన్నాడు మేస్త్రి.

కోడలు వంటింట్లో గిన్నెలు సర్దుతూ వింటూనే ఉంది. అత్తగారి గొంతు సన్నగా, ఆగకుండా సాగుతోంది. ఒక్కో కబురు చివరా ఊఁ అని బరువుగా బదులొస్తోంది. పాపం, ఎంత ఓపిక ఈ మనిషికి అనుకుంది. కిటికీలో ఎండ ఎర్రబడింది. ఊఁ. టీకి నీళ్లు పెట్టింది. ఊఁ. వడపోస్తుండగా కూడా విన్నది. ఊఁ.

రెండు గ్లాసులు పట్టుకుని హాల్లోకి వచ్చింది. అత్తగారి కంచం శుభ్రంగా ఉంది, మెతుకు లేదు. కోడలికి ప్రాణం లేచొచ్చింది.

"మేస్త్రిగారూ, టీ."

"ష్! ఇప్పుడే కళ్లు మూతపడ్డాయి" అంది అత్తగారు.

మేస్త్రి తల ఎడమవైపు ఒరిగి ఉంది. కళ్లు సగమే మూసుకున్నాయి. కోడలు గ్లాసులు కింద పెట్టి అతని ముంజేతిని తాకి, చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

వీధి చివర ఆసుపత్రి డాక్టరు వచ్చి చూశాడు. చెయ్యి ఎత్తబోతే మోచెయ్యి వంగలేదు. "పోయి రెండు మూడు గంటలైనా అయ్యుంటుంది. మీరెవరూ గమనించలేదా?" అన్నాడు.

"ఇప్పటిదాకా మాట్లాడుతున్నారండీ. టీ వడపోస్తుంటే కూడా..." అని ఆగిపోయింది కోడలు. డాక్టరు ముసలావిడకేసి చూసి, అర్థమైందన్నట్టు తలూపాడు. ఆయనకి అర్థమైంది వేరు, ఊఁ కొట్టింది కూడా ముసలావిడేనని.

నలుగురు కలిసి మేస్త్రిని లేపి తీసుకెళ్లారు. అతని సంచీ, సుత్తి, కత్తెర అన్నీ ఏరి అతనితోనే పంపించారు. కూతురికి ఫోను చేశారు. గుమ్మం ముందు అంత హడావిడి జరుగుతున్నా ముసలావిడ అటు తిరిగి చూడలేదు. పీచు ఆరింది. గుంట నిలిచింది, సరిగ్గా ఆవిడవైపు ఒరిగి. ఆవిడ దానిమీద చెయ్యి ఆనించి, పైవాటా వాళ్ల కుళాయి సంగతి మళ్లీ మొదటినుంచి చెబుతోంది. కోడలు వంటింట్లోకి వెళ్లలేదు. వెళ్తే ఏం వినపడుతుందోనని గుమ్మంలోనే నిలబడిపోయింది.

సోఫా చేతిపక్కన సగం కుట్టిన అంచులో మేస్త్రి వంకర సూది అలాగే గుచ్చి ఉంది, దాని దారం కిందికి వేలాడకుండా, గుంటవైపుకి బిగువుగా సాగి ఉంది.