ఏడో నేలమాళిగ పటం

శుక్రవారం లోపల కావలసిన పనులను చిగుసా ఒక వేలం చీటీ వెనక రాసుకుంది. మంచుగడ్డల బండికి ఫోన్ చేయాలి. తోమె పిన్నికి పూలగుత్తి చెప్పాలి. ఐదుగురితో కొత్త జట్టు కట్టాలి. ఆరో చోటు ఖాళీగా ఉంచాలి. ఏడో నేలమాళిగలో చచ్చి పడివున్న వైద్యురాలిని పైకి మోసుకురావాలి.

చివరి మూడూ కంప్యూటర్ ఆటలోని పనులు. హచినోహె రేవులో, చేపల సహకార సంఘం ఆఫీసులో, మధ్యాహ్నం డబ్బా అన్నం ముగించాక ఆడే ఆట అది. తెర మీద గోడలూ తలుపులే కనిపిస్తాయి. దారి పటం మనమే గళ్ల కాగితం మీద గీసుకోవాలి. అక్కడ చచ్చినవాళ్లు చచ్చిన చోటే పడివుంటారు. ఇంకో జట్టు వెళ్లి శవాన్ని మోసుకొస్తే ఊళ్లో గుడివాళ్లు బతికిస్తారు. మోయాలంటే ఆరుగురి జట్టులో ఒక చోటు ఖాళీ ఉండాలి.

ఆఫీసు ఊడ్చి టీ కాచే ఇవాబుచి తోమె ఏనాడూ మీట నొక్కలేదు. చిగుసా అడుగులు చెబుతుంటే పటం గీసేది. "ముందుకొకటి, ఎడమ గోడ." "ఊఁ." ఆరు మాళిగలు అలాగే గడిచాయి. ఏడోదాంట్లో, వెనక్కి వస్తుంటే, పటం ప్రకారం పైకి మెట్లుండాల్సిన చోట గోడ అడ్డం వచ్చింది. తిరిగి తిరిగి జట్టంతా చచ్చింది. అందులో వైద్యురాలికి పెట్టిన పేరు కూడా తోమే.

"నా గీతే మీ కొంప ముంచింది," అని ఆవిడ పెన్సిల్ సొరుగులో పడేసింది. మళ్లీ ముట్టలేదు. శుక్రవారంతో ఆవిడ ఉద్యోగం ముగుస్తుంది. ఆ మాట మోసుకుంటూ ఆవిడ ఇంటికి వెళ్లడం చిగుసాకు ఇష్టం లేదు.

"చచ్చినవాళ్లని లేపే పని కూడా మన సంఘం పెట్టుకుందా?" అన్నాడు పెద్ద గుమాస్తా నరుమి. "చేపల జోలికి మాత్రం వెళ్లకమ్మా, అవి అమ్ముడుపోవాలి."

గురువారం ఆమె పాత పటం పట్టుకుని ఏడో మాళిగలోకి దిగింది. ఈసారి అడుగడుక్కీ దిక్కు చెప్పే మంత్రం వేసింది. చీకటి నడవలో ఉత్తరంగా ఒక్క అడుగు వేసింది. మంత్రం తూర్పు అంది. గోడలు ఎప్పట్లాగే ఉన్నాయి. కాలికింద నేలే చప్పుడు లేకుండా తిరిగింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు ఇదే నడవలో పిన్ని రెండుసార్లు అడిగింది: "దిక్కు చూశావా అమ్మాయ్?" మంత్రాలు మిగుల్చుకుందామని చూడకుండానే తను "చూశాలే పిన్నీ" అనేసింది.

ఆ గడి దగ్గర కాగితాన్ని పావు వంతు తిప్పింది. తరవాతి గీతలన్నీ గోడలతో సరిపోయాయి. ఒక్క గడీ తేడా లేదు. మూల మలుపులో శవం దొరికింది.

శుక్రవారం టీ పళ్లెంతో వచ్చిన తోమెను చిగుసా తెర ముందు కూర్చోబెట్టింది. గుడివాళ్ల మంత్రం పనిచేసింది, వైద్యురాలు లేచింది.

"లేచిందా? అయితే ఇంకో కప్పు టీ పెట్టమను," అన్నాడు నరుమి.

చిగుసా పటం ఆవిడ ముందు పెట్టింది. "పటం తప్పు కాదు పిన్నీ. నేను దిక్కు చూడలేదు. చూశానని అబద్ధం చెప్పాను."

తోమె పటాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఆ రోజు నీ గొంతులో తొందర వినబడింది. అయినా నా చేతినే అనుమానించాను." సొరుగు లాగి పెన్సిల్ తీసింది. "కింద ఇంకెన్ని ఉన్నాయి?"

"మూడు."

"మళ్లీ పని గంట కొట్టడానికి ఇరవై నిమిషాలుంది. కానీ, ముందు దిక్కు చెప్పు."

ఆ సాయంత్రం పూలగుత్తితో పిన్ని వెళ్లిపోయాక, చిగుసా పటం వెనక ఇలా రాసింది:

"ఈ కుర్చీలో మా తరవాత కూర్చునేవారికి. దిక్కు చూడందే అడుగు వేయకండి. సగం మంత్రాలు మిగిలుండగానే వెనక్కి తిరగండి. పడిపోయినవాళ్ల కోసం వెళ్తుంటే ఒక చోటు ఖాళీ ఉంచుకోండి. క్షేమంగా పైకి వచ్చిన రోజున, ఈ గీతలు గీసిన ఇవాబుచి తోమెను ఒక్కసారి తలుచుకోండి."